వట్టికాళ్ళ పరుగు, కనీస పాదరక్షలు: కడప జిల్లా నేలల నేపథ్యంలో ఆరంభ విధానం

వ్యాససంగ్రహం:

పాదరక్షలు లేకుండా, లేదా పలుచని అడుగు కలిగిన కనీస పాదరక్షలతో పరుగెత్తడంపై గత పదిహేనేళ్ళలో ప్రపంచవ్యాప్తంగా చర్చ విస్తృతంగా జరిగింది. ఆ చర్చలో వెలువడిన సూచనలు ఎక్కువగా పాశ్చాత్య నగరాలలోని పరుగరులను దృష్టిలో ఉంచుకొన్నవి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నేల, ఎండ, పాదరక్షల అలవాటు వేరు. అక్కడ పరుగు సాధన చేసే యువతలో పోలీసు నియామకాల 1600 మీటర్ల పరుగుకు సిద్ధమయ్యేవారూ ఉన్నారు. వట్టికాళ్ళ పరుగులో ప్రధాన ప్రశ్న చెప్పు ఉండాలా, వద్దా అన్నది కాదనీ, మార్పుకు ఎముక, స్నాయువు కోరే వ్యవధిని ఇవ్వగలమా అన్నదేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆరంభ క్రమాన్ని స్థానిక నేలలకు అన్వయించి వివరిస్తుంది.

కీలకపదాలు: వట్టికాళ్ళ పరుగు, కనీస పాదరక్షలు, రేగడి నేల, దేహదారుఢ్య పరీక్ష, స్నాయువు, కడప జిల్లా.

1. ఉపోద్ఘాతం:

1960 సెప్టెంబరు 10న రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా వట్టికాళ్ళతో మారథాన్ పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో పూర్తిచేసి స్వర్ణపతకం పొందాడు. వట్టికాళ్ళ పరుగును సమర్థించేవారు తరచుగా ఈ సంఘటనతోనే మొదలుపెడతారు. అయితే అదే బికిలా 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కొని, అంతకంటె తక్కువ సమయంలో, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్ళీ గెలిచాడు. ఈ రెండు విజయాలనూ కలిపి చూసినప్పుడు, గెలుపు చెప్పులోనో, చెప్పు లేకపోవడంలోనో లేదని స్పష్టమవుతుంది. ఏ స్థితిలో పరుగెత్తినా ఆ స్థితికి శరీరం ఎంతకాలంగా అలవాటుపడి ఉంది అన్నదే కీలకం.

కడప జిల్లాలో ఈ విషయానికి ఒక ప్రత్యేక ప్రాసంగికత ఉంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రస్థాయి పోలీసు నియామక మండలి నిర్వహించే కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. సాధారణ అభ్యర్థులలో పురుషులు 8 నిమిషాలలో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో దీన్ని పూర్తిచేయాలి. ఖరీదైన పరుగు బూట్లు కొనలేని అభ్యర్థికి వట్టికాళ్ళ సాధన ఖర్చులేని మార్గంగా తోస్తుంది. అది ఖర్చులేనిదే. కాని సమయం అడగనిది కాదు. ఈ తేడాను గుర్తించకపోతే, పరీక్ష దగ్గరపడిన వేళ గాయం ఒక ఉద్యోగావకాశాన్నే దూరం చేయవచ్చు.

2. వట్టికాళ్ళు - తెలుగు సమాజంలోని అర్థాలు:

తెలుగులో పాదరక్షలకు పదసంపద గణనీయంగా ఉంది. చెప్పులు, కాలిజోడు, పావుకోళ్ళు, ముచ్చెలు, కిర్రుచెప్పులు వంటివి ఆకారాన్నీ, తయారీనీ, చప్పుడునూ బట్టి ఏర్పడిన పేర్లు. రాయలసీమ వ్యవహారంలో ‘మెట్లు’ అనే మాట చెప్పులకు వాడుకలో ఉంది. చెప్పులు లేని స్థితికి మాత్రం ‘వట్టికాళ్ళు’, ‘ఉత్తకాళ్ళు’ అనే లేమిని సూచించే మాటలే ఉన్నాయి.

ఈ లేమికి సమాజంలో కనీసం మూడు అర్థాలున్నాయి. మొదటిది భక్తి. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో జన్మించిన అన్నమయ్య బాల్యంలో చెప్పులతోనే తిరుమల కొండ ఎక్కబోయి సొమ్మసిల్లాడనీ, అలమేలుమంగ ప్రత్యక్షమై వాటిని విడిచి ఎక్కమని చెప్పిందనీ ఆయన మనుమడు తాళ్ళపాక చిన్నన్న ద్విపదలో రచించిన ‘అన్నమాచార్య చరిత్రము’ తెలుపుతుంది. రెండవది పేదరికం. మూడవది నిర్బంధం. తంగేడు చెక్కతో తోలు పదునుచేసి చెప్పులు కుట్టినవారే పెద్దకులాల వీధులలో వాటిని చేతపట్టుకొని నడవాల్సి వచ్చిన చరిత్ర తెలుగు పల్లెలకు ఉంది.

అందువల్ల వట్టికాళ్ళ పరుగును ‘ప్రకృతికి తిరిగి వెళ్ళడం’ అని పొగడడం ఇక్కడ అంత సులభం కాదు. చెప్పు తొడగడం కొందరికి గెలుచుకొన్న హక్కు. ఈ వ్యాసంలో వట్టికాళ్ళ పరుగు ఒక శిక్షణాపద్ధతి మాత్రమే. దాన్ని ఎంచుకొనే స్వేచ్ఛతో పాటు వద్దనుకొనే స్వేచ్ఛ కూడా పరుగరికి ఉండాలి.

3. పరిశోధనలు తెలిపే అంశాలు:

3.1 పాదం నేలను తాకే తీరు: మెత్తని, ఎత్తైన మడమ కలిగిన ఆధునిక పరుగు బూట్లు 1970ల నుండి విస్తరించాయి. వాటితో పరుగెత్తేవారిలో అధికులు మొదట మడమను నేలకు ఆనిస్తారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ లీబర్మన్ బృందం అమెరికా, కెన్యాలకు చెందిన పరుగరులను పరిశీలించి 2010లో ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. చిన్ననాటి నుండి వట్టికాళ్ళతో పరుగెత్తినవారు ఎక్కువగా ముందరిపాదాన్ని లేదా పాదమధ్యాన్ని మొదట ఆనిస్తారనీ, అప్పుడు నేల నుండి కాలికి తగిలే ఆకస్మిక అదురు తగ్గుతుందనీ ఆ బృందం తెలిపింది.

దీన్ని సార్వత్రిక నియమంగా స్వీకరించడానికి వీలులేదు. ఉత్తర కెన్యాలోని దాసనచ్ ప్రజలు కూడా వట్టికాళ్ళకు అలవాటుపడినవారే. కెవిన్ హటాలా బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో వారిలో అధికులు నెమ్మదైన వేగంలో మడమనే మొదట ఆనించినట్లు తేలింది. వేగం, నేల గట్టిదనం, అలవాటు కలిసి పాదన్యాసాన్ని నిర్ణయిస్తాయి.

3.2 భారం తొలగదు, స్థానం మారుతుంది: ముందరిపాదంతో దిగినప్పుడు మోకాలిపై పడే భారం కొంత తగ్గుతుంది. ఆ మేరకు పిక్క కండరాలు, మడమ వెనుకనున్న ఆకిలిస్ స్నాయువు, కాలివేళ్ళ వెనుకనుండే ప్రపదాస్థులు అదనపు పని చేయాల్సి వస్తుంది. ‘వట్టికాళ్ళతో పరుగెత్తితే గాయాలుండవు’ అనే ప్రచారం పొరపాటు కావడానికి కారణం ఇదే. ఆల్ట్‌మన్, డేవిస్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో వట్టికాళ్ళ పరుగరులకు, బూట్ల పరుగరులకు దూరాన్ని బట్టి లెక్కించిన గాయాల రేటులో పెద్ద తేడా కన్పించలేదు. గాయాల రకాలు మాత్రం మారాయి.

3.3 తొందరపాటు ఫలితం: సారా రిడ్జ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం ఆరంభకులకు అత్యంత ముఖ్యమైనది. 10 వారాలలో సాధారణ బూట్ల నుండి ఐదు వేళ్ళ కనీస పాదరక్షలకు మారినవారి పాదాలను ఎం.ఆర్.ఐ. ద్వారా పరీక్షించగా, పాత బూట్లతోనే కొనసాగినవారికంటె వీరి పాదాల ఎముకలలో, మజ్జలో నీరు చేరే లక్షణం ఎక్కువగా కన్పించింది. ఎముక ఒత్తిడికి గురవుతున్నదనడానికి ఇది సూచన. ఆ తర్వాత కూడా భారం తగ్గించకపోతే స్ట్రెస్ ఫ్రాక్చర్ అనే సన్నని పగులు ఏర్పడే ప్రమాదం ఉంది. ఆ రకపు పాదరక్షలు తయారుచేసే విబ్రామ్ సంస్థ ఆరోగ్య ప్రయోజనాల ప్రకటనలపై అమెరికాలో దాఖలైన వ్యాజ్యంలో, తప్పును అంగీకరించకుండానే, 2014లో 37.5 లక్షల డాలర్లతో రాజీకి వచ్చింది.

3.4 భారతీయ ఆధారం: ఉదయ భాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ 4-13 ఏళ్ళ వయసుగల 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. పాదరక్షలు వాడే పిల్లలలో 8.6 శాతం మందికి, వాడనివారిలో 2.8 శాతం మందికి చదును పాదాలున్నట్లు వెల్లడైంది. ఎదిగే వయసులో పాదపు వంపు రూపొందడానికి, చెప్పుల వాడకానికి సంబంధం ఉండవచ్చని ఇది సూచిస్తుంది. అయితే ఇది పరుగుపై జరిగిన అధ్యయనం కాదు. వయోజనుల పరుగుకు దీన్ని నేరుగా అన్వయించడం సరికాదు.

4. కడప జిల్లా నేలలు - పాదం:

కడప ప్రాంతపు శిలల వైవిధ్యం భూగర్భశాస్త్రంలో సుప్రసిద్ధం. విలియం కింగ్ 1872లోనే కడప, కర్నూలు శిలాసముదాయాలపై సమగ్ర గ్రంథం వెలువరించాడు. గండికోట, పులివెందుల అనే ఊరిపేర్లే అక్కడి క్వార్ట్‌జైట్ శిలాశ్రేణులకు శాస్త్రీయ నామాలయ్యాయి. ఈ వైవిధ్యం పరుగెత్తే పాదానికి కూడా నేరుగా తెలుస్తుంది.

4.1 ప్రొద్దుటూరు: పెన్నానది ఒడ్డున ఉన్న ఈ పట్టణానికి ఏడాదిలో ఎక్కువకాలం ఎండి ఉండే నదీగర్భపు ఇసుక అందుబాటులో ఉంది. మెత్తగా ఉంటుంది కాబట్టి ఇసుక ఆరంభకులకు అనువైనదని అనిపించడం సహజం. వాస్తవం దీనికి భిన్నం. వదులు ఇసుకలో మడమ కిందికి దిగబడి ఆకిలిస్ స్నాయువు ప్రతి అడుగులోనూ అదనంగా సాగుతుంది. పిక్కలు త్వరగా అలసిపోతాయి. అంతేకాక, అడుగు తప్పుగా పడినా ఇసుక దాన్ని కప్పిపుచ్చుతుంది. గట్టి, నున్నని నేల మాత్రం తప్పును వెంటనే తెలియజేస్తుంది. అందువల్ల ఆరంభానికి ఊడ్చిన పాఠశాల ఆవరణ, కళాశాల మైదానంలోని గట్టిబాట, వాహనాలు లేని సిమెంటు వీధి మేలు. ఇసుక నడకకు పనికివస్తుంది. పరుగుకు తర్వాతి దశలోనే తగినది.

4.2 జమ్మలమడుగు: ఇక్కడి నల్లరేగడి ఋతువును బట్టి స్వభావం మార్చుకొంటుంది. వేసవిలో నెర్రెలు విచ్చి, గడ్డలు రాళ్ళలా గట్టిపడతాయి. నెర్రెలో వేలు చిక్కితే చీలమండ మడతపడవచ్చు. వానపడినప్పుడు జిగట బురద పాదానికి పొరలుగా అంటుకొని బరువు పెంచుతుంది, జారుతుంది. కాబట్టి దున్నిన చేలు ఏ కాలంలోనూ పరుగుకు అనువు కావు. ఎద్దులబండ్లూ, ట్రాక్టర్లూ తొక్కి అణచిన బాటలు వాన వెలిసిన కొద్దిరోజులకు చక్కగా గట్టిపడతాయి. గండికోట వైపు ఎర్రమల కొండలలోని క్వార్ట్‌జైట్ అంచులు పదునైనవి. అక్కడ అనుభవజ్ఞులకు కూడా కనీస పాదరక్షలే క్షేమం.

4.3 పులివెందుల: ఎర్రనేలలలోని గులకరాళ్ళు ఇక్కడి ప్రధాన సమస్య. గులక మీద వట్టికాళ్ళతో నెమ్మదిగా నడవడం పాదం కింది చిన్న కండరాలకు మంచి వ్యాయామమే. పరుగులో మాత్రం ఒక్క రాయి కింద పడినా ప్రపదాస్థి కమిలిపోవచ్చు. బాటను ముందుగా నడిచి చూడడం, సాధన ప్రదేశాన్ని చిన్నదిగా ఎంచుకొని రాళ్ళు ఏరివేయడం అవసరం.

4.4 ఎండ, ముళ్ళు: మూడు ప్రాంతాలలోనూ వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. తారురోడ్డు ఉపరితలం గాలికంటె ఎంతో ఎక్కువగా వేడెక్కుతుంది. కనుక వట్టికాళ్ళ సాధనకు తెల్లవారిన తర్వాతి తొలిగంటే తగినది. చీకటిలో పరుగు తగదు. పల్లేరుకాయలు, సర్కారుతుమ్మ ముళ్ళు, గాజుపెంకులు కనబడేంత వెలుతురు ఉండాలి.

5. ఆరంభ క్రమం:

5.1 ఇంటి అలవాటు ఇచ్చేది, ఇవ్వనిది: పాశ్చాత్య సూచనలు రోజంతా బూట్లలో ఉండే పాదాన్ని దృష్టిలో పెట్టుకొన్నవి. తెలుగు ఇళ్ళలో చెప్పులు గుమ్మం వద్దే ఆగిపోతాయి. నాపరాళ్ళ గచ్చుపై రోజూ గంటలకొద్దీ వట్టికాళ్ళతో తిరిగే పాదానికి చర్మం గట్టిదనం, వేళ్ళ పట్టు, నిలకడ కొంతవరకు ముందే ఉంటాయి. అరికాలి చర్మం దళసరి అయినంత మాత్రాన నేల స్పర్శ తగ్గదని కెన్యాలో జరిపి, 2019లో ‘నేచర్’లో ప్రచురితమైన అధ్యయనం కూడా తెలిపింది. అయితే నడకలో పాదంపై పడే బలం శరీరబరువును కొద్దిగా మించితే, పరుగులో అది రెండు మూడు రెట్లకు చేరుతుంది. అందువల్ల ఇంటి అలవాటు చర్మాన్ని సిద్ధం చేస్తుంది గాని, ఎముకనూ స్నాయువునూ పూర్తిగా సిద్ధం చేయదు. నొప్పి లేదన్న ధైర్యంతో స్థానిక యువత తొందరపడే అవకాశం ఇక్కడే ఉంది.

5.2 తొలిదశ - నడక: మొదటి రెండు మూడు వారాలు రోజుకు 20-30 నిమిషాలు వట్టికాళ్ళతో గట్టినేలపై నడవాలి. మెట్టు అంచున నిలబడి మడమలను పైకెత్తి నెమ్మదిగా దించడం, ఒంటికాలిపై నిలవడం, కాలివేళ్ళతో తుండుగుడ్డను దగ్గరకు లాగడం పిక్కకూ, పాదానికీ బలమిస్తాయి. సాధారణ పరుగు సాధన ఈ కాలంలో పాత బూట్లతోనే కొనసాగాలి.

5.3 రెండవ దశ - పరుగు: లీబర్మన్ బృందం ఆరంభకులకు ఇచ్చిన సలహా ప్రకారం మొదటి వారంలో రోజు విడిచి రోజు పావుమైలు నుండి ఒక మైలుకు మించి పరుగెత్తరాదు. తర్వాత వారానికి 10 శాతానికి మించి పెంచరాదు. మైలు అంటే సుమారు 1600 మీటర్లు. అంటే కానిస్టేబుల్ పరీక్ష దూరం మొదటి వారపు గరిష్ఠ హద్దుకు సమానం. జాగ్రత్తగా 400 మీటర్లతో మొదలుపెట్టి వారానికి 10 శాతం చొప్పున పెంచితే 5వ వారంలో సుమారు 586 మీటర్లు, 10వ వారంలో 943 మీటర్లు, 16వ వారంలో 1671 మీటర్లు అవుతాయి. నడక దశను కూడా కలిపితే దాదాపు నాలుగున్నర నెలలు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాలలోనే మెరుగుపడతాయి. స్నాయువు, ఎముక నెలల తరబడి సమయం తీసుకొంటాయి. ఊపిరి అందుతున్నది కదా అని దూరం పెంచడమే గాయాలకు ప్రధాన హేతువు.

5.4 అడుగు: శరీరాన్ని నిటారుగా ఉంచి, పాదాన్ని ముందుకు చాచకుండా నడుము కిందుగా దించాలి. ముందరిపాదం తాకిన తర్వాత మడమ కూడా నేలకు ఆనాలి. మునివేళ్ళపైనే పరుగెత్తడం ఆరంభకులు తరచుగా చేసే పొరపాటు. అడుగులు చిన్నవిగా, తరచుగా ఉండాలి. 8 నిమిషాలలో 1600 మీటర్లంటే నిమిషానికి 200 మీటర్లు. నిమిషానికి 175 అడుగుల లయలో ఒక్కొక్క అడుగు 1.14 మీటర్లు, మొత్తం 1400 అడుగులు అవుతాయి. ప్రతి పాదం 700 సార్లు నేలకు దిగుతుందని గ్రహిస్తే, ఒక్కొక్క అడుగులోని చిన్న లోపం ఎంతగా పోగవుతుందో అర్థమవుతుంది.

5.5 ఆగవలసిన సూచనలు: పిక్కలలో ఒకటి రెండు రోజులుండే బిగువు సహజం. పాదం పైభాగంలో ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి, ఉదయం తొలి అడుగులో మడమ పోటు, ఆకిలిస్ స్నాయువు వాపు సహజం కావు. ఇవి కన్పిస్తే పరుగు ఆపి వైద్యుని సంప్రదించాలి. నొప్పిని ఓర్చుకోవడం ఇక్కడ సాధన అనిపించుకోదు.

6. కనీస పాదరక్షల ఎంపిక:

2015లో ఎస్కూలియే బృందం 11 దేశాలకు చెందిన 42 మంది నిపుణుల అభిప్రాయాలతో కనీస పాదరక్షకు నిర్వచనం రూపొందించింది. బరువు, వంగే గుణం, మడమకు మునివేళ్ళకు మధ్య ఎత్తు తేడా, అడుగు మందం, పాద కదలికను అదుపుచేసే అమరికలు అనే ఐదు అంశాలు దీనికి కొలమానాలు. ఇవన్నీ ఎంత తక్కువ అడ్డుపడితే పాదరక్ష అంత ‘కనీసం’ అవుతుంది. వంగే గుణం మాత్రం ఎక్కువగా ఉండాలి.

ఈ కొలమానాలతో స్థానిక అంగళ్ళలో దొరికేవాటిని పరీక్షించవచ్చు. హవాయి చెప్పులు చదునుగా, పలుచగా ఉన్నా వెనుకపట్టీ లేనందువల్ల వాటిని నిలుపుకోవడానికి వేళ్ళు ముడుచుకోవలసి వస్తుంది. పరుగుకు అవి తగవు. టైరు చెప్పులు ముల్లును ఆపుతాయి గాని బరువు, బిరుసు ఎక్కువ. మెక్సికోలోని రరామురి ప్రజలు టైరు ముక్కలతోనే పరుగు చెప్పులు చేసుకొంటారు, కాని వాటిని చీలమండకు బిగించి కట్టుకొంటారు. పాఠశాలల్లో వాడే చదును అడుగు కాన్వాస్ బూట్లు ఐదు కొలమానాలకు చాలావరకు దగ్గరగా ఉంటాయి. వాటి లోపం మునివేళ్ళ వద్ద ఇరుకు. కాగితంపై నిలబడి పాదం గీత గీసి, బూటును దానిపై ఉంచి చూడాలి. గీత బయటికి కన్పిస్తే ఆ బూటు ఇరుకైనదే. వేళ్ళు విచ్చుకొనే వెడల్పు ఉంటే తక్కువ ఖరీదు బూటు కూడా కనీస పాదరక్షగా పనిచేయగలదు.

కనీస పాదరక్షతోనూ దూరం పెంచే నియమం మారదు. ముల్లు గుచ్చుకోకపోవడం వల్ల ఎక్కువ దూరం పోవాలనిపిస్తుంది కాబట్టి మరింత జాగ్రత్త అవసరం.

7. ఎవరికి తగదు?:

వట్టికాళ్ళ పరుగుకు ఆధారం స్పర్శ. స్పర్శ కోల్పోయిన పాదానికి అది ప్రమాదకరం. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠువ్యాధిగ్రస్తులకు చికిత్స చేసిన పాల్ బ్రాండ్, పాదాలలోని పుండ్లకు మూలం నొప్పి తెలియకపోవడమేనని వివరించాడు. అటువంటి పాదాలకు ఎం.సి.ఆర్. అనే మెత్తని రబ్బరు చెప్పులు దేశంలో వాడుకలోకి వచ్చాయి. ఇదే సూత్రం మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి వర్తిస్తుంది. వారు ఇంటిలో కూడా చెప్పులు వాడాలి. రక్తప్రసరణ లోపం ఉన్నవారు, పాదంలో మానని పుండు ఉన్నవారు, ఇటీవల ఎముక విరిగినవారు వైద్యుని అనుమతి లేకుండా ఆరంభించరాదు.

ఆరోగ్యవంతులు కూడా ధనుర్వాతపు టీకా సకాలంలో తీసుకోవాలి. కొంకిపురుగు లార్వాలు మలంతో కలుషితమైన తడినేల నుండి పాదచర్మం గుండా శరీరంలో ప్రవేశిస్తాయి. బహిర్భూమిగా వాడిన స్థలాలను, కాలువగట్ల తడి అంచులను విడిచిపెట్టాలి. సాధన తర్వాత పాదాలు కడిగి, వేళ్ళ సందులు ఆరబెట్టి, ముల్లు, పగులు ఉన్నాయేమో ప్రతిదినం చూసుకోవాలి.

8. ముగింపు:

వట్టికాళ్ళ పరుగు అన్ని గాయాలకూ మందు కాదు, వెనుకబాటుతనానికి గుర్తూ కాదు. అది పాదంపై పడే భారాన్ని ఒకచోటి నుండి మరొకచోటికి మార్చే శిక్షణ. ఆ కొత్తచోటు బలపడడానికి నాలుగైదు నెలలు పడుతుంది.

2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన వెలువడి, 2023 జనవరి 22న ప్రాథమిక పరీక్ష జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివరలో మొదలయ్యాయి. పాదాన్ని నిదానంగా మార్చుకోవడానికి ఆ ఎదురుచూపు కాలం ఎంతో సరిపోయేది. తేదీ ప్రకటించిన తర్వాత మిగిలే కొద్దివారాలు సరిపోవు. కాబట్టి అభ్యర్థికి చెప్పదగిన సూచన ఒక్కటే. పరీక్షకు ఐదు నెలలకు మించి వ్యవధి ఉంటే వట్టికాళ్ళతో గాని, కనీస పాదరక్షలతో గాని క్రమంగా ఆరంభించవచ్చు. అంతకు లోపయితే, ఇప్పటివరకు దేనితో పరుగెత్తుతున్నారో దానితోనే పరుగెత్తాలి.

కళాశాలల వ్యాయామ అధ్యాపకులు ఈ లెక్కను విద్యార్థులకు తొలిరోజునే చెప్పడం, మైదానంలో ఒక వరుసనైనా రాళ్ళు, ముళ్ళు లేకుండా ఊడ్పించి ఉంచడం పెద్ద వ్యయం లేని పనులు. చెప్పులు కొనలేని విద్యార్థికీ, కొన్నవాటిని విడవాలనుకొన్న విద్యార్థికీ ఈ రెండూ సమానంగా ఉపకరిస్తాయి.